మహేశ్ అనే మనిషి లేడు

మూడేళ్ళుగా నేనొక మగవాడి పేరు మోస్తున్నాను. మహేశ్. ఆ పేరుగల మనిషి ఎక్కడా లేడు. సూరత్ పక్కన సచిన్ అనే చోట లూమ్ నడిపే మహేశ్, నలుగురిలోకి వెళ్తే ఊపిరాడని మహేశ్, చొక్కా కాలరు మెడకు తగిలితే ఓర్చుకోలేని మహేశ్, అంతా నేనే. నేనొక ఇల్లాలిని. ఆ పేరు పెట్టుకుని నేను చేసిన పని మాత్రం నిజంగా జరిగింది. దాని ఫలితం మా ఇంట్లోనే, నా కళ్ళముందే తిరుగుతోంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. ముఖం తెలియని మనిషికి మనసులో మాట చెప్పుకోవచ్చని నేను నేర్చుకున్నది, నేను పాడుచేసిన చోటే. ముందే ఒక సంగతి చెబుతాను. ఇది తెలియక చేసింది కాదు. కోపంతో, కావాలని, తీరిగ్గా ఆలోచించి చేశాను. ఆ కోపం ఇప్పుడు పూర్తిగా పోయిందని కూడా అనను.

మాది జగిత్యాల వైపు పల్లె. ఇంటర్ అయిన ఏడాదికే పెళ్ళిచేసి సూరత్ పంపారు. మా ఆయన సచిన్‌లో పవర్‌లూమ్‌ల మీద పనిచేస్తాడు. అక్కడికి దగ్గర్లోనే, ఉన్ అనే బస్తీలో రెండు గదుల ఇల్లు. అందులో మేమిద్దరం, అత్తమ్మ, మా మరిది. అతన్ని సతీష్ అందాం. అసలు పేరు రాయను.

సతీష్ నాకంటే పెద్దవాడు. అతన్ని ఇంట్లోనూ, బయటా తిక్కలోడు అనేవాళ్ళు. మాట్లాడేటప్పుడు ముఖంలోకి చూడడు. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మెట్లమీదకు వెళ్ళిపోతాడు. వంటింట్లో డబ్బాలు ఎత్తును బట్టి వరసగా సర్దుతాడు, ఎవరైనా కదిలిస్తే మళ్ళీ సర్దుతాడు. అబద్ధం చెప్పడు. అది తప్పని కాదు, ఎలా చెబుతారో అతనికి అర్థం కాదు. నేను కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో ఆ ఇంట్లో నాకు నచ్చిన మనిషి అతనొక్కడే. ఎవరైనా ఏదైనా అంటే, అది నిజంగా అన్నదా పరాచికానికి అన్నదా అని నా దగ్గరికి వచ్చి అడిగేవాడు. నేను విడమరిచి చెప్పేదాన్ని. మనుషుల సంగతి వదినకు తెలుసు అని నమ్మేవాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను చేసిన దానికి మూలం అక్కడే ఉంది.

అతనికి ఏ పనీ నిలిచేది కాదు. లూమ్‌ల చప్పుడు పడదు. వాళ్ళన్న ఎక్కడ పెట్టించినా నెల తిరగకుండానే ఇంటికొచ్చేవాడు. అలాంటివాడు ఒక్కసారిగా నిలదొక్కుకున్నాడు. ఎలాగో మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, ఫోను.

చెవుల్లో శబ్దం గుచ్చుకుంటే ఏం చెయ్యాలని ఎప్పుడో ఇంటర్నెట్‌లో అడిగాడట. అలా వెతుక్కుంటూ ఒక గ్రూపులో చేరాడు. అందులో ఉన్నవాళ్ళంతా పెద్దవాళ్ళే, అతనిలాంటివాళ్ళే. ఒకరిది భోపాల్, ఒకరిది నాగపూర్, ఇంకా ఎక్కడెక్కడివాళ్ళో. ఒకరినొకరు ఎన్నడూ నేరుగా కలుసుకోలేదు. హిందీలో రాసుకునేవాళ్ళు. రేపు ఏం చెయ్యాలో, దేనికి భయమేస్తోందో ఒకరు రాస్తే, మిగతావాళ్ళు అక్కడ ఎదుటివాళ్ళు ఏం అడగొచ్చు, దానికి ఏం జవాబు చెప్పొచ్చు అని రాసేవాళ్ళు. బస్సులో జనం ఎక్కువైతే ఏ వైపు నిలబడాలి, సూపర్‌వైజరు అరిస్తే అది తన మీద కోపమా, పని తొందరా అని ఎలా తెలుసుకోవాలి, చెవుల్లో ఏం పెట్టుకోవాలి, మధ్యాహ్నం తిన్నావా, నీళ్ళు తాగావా. ఆ గ్రూపు రాసిచ్చిన మాటలు నేర్చుకునే అతను సచిన్‌లో ఒక ఫోల్డింగ్ ఖాతాలో పని అడిగాడు. లూమ్‌ల మీంచి దిగిన బట్టను చూసి, మడతపెట్టి, తాకాలుగా, అంటే తానులుగా, కట్టే గది అది. అక్కడ చప్పుడు తక్కువ. అతని చూపుకు ఒక్క పోగు తెగినా దొరికిపోయేది. వాళ్ళు చెప్పిన ధైర్యంతోనే ఒక్కడే పెద్దాసుపత్రికి వెళ్ళి డాక్టరుకు చూపించుకుని వచ్చాడు. నాకున్నది ఆటిజం, తిక్క కాదు అని అన్నం ముందు కూర్చుని చెప్పాడు. మా ఆయన నవ్వాడు. అత్తమ్మ ఇంకాస్త పప్పు వడ్డించింది.

ఆ గ్రూపులో బారిష్ అని పేరు పెట్టుకున్న ఒకామె ఉండేది. హిందీలో వాన అని. ఆమెకూ, ఇతనికీ ఒక అలవాటు. సెలవురోజు అంట్లు తోమేటప్పుడు వీడియో కాల్ పెట్టుకునేవాళ్ళు. మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఆమె అక్కడ బట్టలు ఉతుక్కునేది, ఇతను ఇక్కడ గిన్నెలు తోమేవాడు. పక్కన ఒకరున్నారంటే పని సాగేదట. ఫోను నీళ్ళ డ్రమ్ముకు ఆనించి, చేతులకు నురగతో, ఎంత నిమ్మళంగా ఉండేవాడో. నాకు మొదట్లో నవ్వొచ్చింది. తర్వాత అసూయ వేసింది. నా పక్కన ఎవరున్నారు?

ఇక నా సంగతి.

నాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి రక్తం చాలా పోయింది. కొన్నాళ్ళు ఆగాలి, లేకపోతే నీ ప్రాణానికే మోసం అని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో చెప్పాను. ఎవరూ వినిపించుకోలేదు. మా ఆయనైతే అసలు వినలేదు. అందుకని కడుపు రాకుండా ఆ డాక్టరమ్మ ఇచ్చిన గోలీలు దాచుకుని వేసుకునేదాన్ని. పెసర్ల డబ్బాలో, అడుగున. డబ్బాలు సర్దే మనిషికి అది తెలియకుండా ఉంటుందా? ఎన్నాళ్ళ నుంచో తెలుసు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

మా ఆడబిడ్డ కొడుకును తొట్టెలలో వేసిన రోజు ఇంటినిండా చుట్టాలు. నా గురించే మాటలు. ఈమె కడుపు ఎప్పుడు పండుతుందో అని అత్తమ్మ అందరి ముందూ కళ్ళొత్తుకుంది. ఎవరో ముసలామె, సరదాకే, సతీష్ వైపు తిరిగి మీ వదినకు పిల్లలెప్పుడురా అని అడిగింది.

"వదినకు పిల్లలెట్లయితరు? రోజు గోలీ ఏస్కుంటది గద. పెసర్ల డబ్బల పెడ్తది" అన్నాడు.

అడిగినదానికి జవాబు చెప్పాడు. అంతే. చెప్పి మళ్ళీ లడ్డూ తింటూ కూర్చున్నాడు.

డబ్బా నా ముందే బోర్లించారు. పెసర్లు నేలంతా దొర్లాయి. మా ఆయన నన్ను లోపలి గదిలోకి లాక్కెళ్ళి కొట్టాడు. తలుపు కూడా వెయ్యలేదు. బయట ఉన్నవాళ్ళు విన్నారు, ఒక్కరు కూడా లేచి రాలేదు. ఆ దెబ్బతో నా ఎడమ చెవిలో సన్నని కూత మొదలైంది. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా ఉంది. నన్ను దొంగ అన్నారు, వంశం తుంచేదాన్నన్నారు. మా నాన్నను పిలిపించి, ఆయన చేత చేతులు జోడింపించారు.

ఇంతా అయ్యాక నాకు ఎవరి మీద పగ పుట్టాలి? నన్ను కొట్టినవాడి మీద. విని కూర్చున్నవాళ్ళ మీద. ఆ లెక్క నాకు తెలియదా? తెలుసు. కానీ వాళ్ళను నేనేం చెయ్యగలను? కొట్టిన చెయ్యి ఆ పూట కూడా నేను వండిన అన్నమే తిన్నది, ఇప్పటికీ తింటోంది. వాళ్ళ మీద పగ తీర్చుకోవాలంటే భయం. సతీష్ మీదైతే భయం లేదు. నా చేతికి అందేవాడు అతనొక్కడే. పైగా మర్నాడు పొద్దున ఏమీ జరగనట్టే వచ్చి నా చెంప వాపు చూసి, నొస్తుందా అని అడిగాడు. ఆ ప్రశ్న నాలో నిప్పు పెట్టింది. నీ ఒక్క మాట నా బతుకును నలుగురిలో బోర్లించింది, నీకేమో సుఖంగా కబుర్లు చెప్పుకోవడానికి మనుషులున్నారు. సరే, నీకున్నది ఆ ఒక్కటే కదా. అదే తీసేస్తాను. అలా అనుకున్నాను. ఇంత స్పష్టంగానే అనుకున్నాను.

నా దగ్గర పాత ఫోను ఒకటి పడి ఉంది. సూరత్‌లోనే అమ్రోలిలో ఉండే మా చిన్నమ్మ దగ్గర వాడని సిమ్ము ఉంటే అడిగి తెచ్చుకున్నాను. మహేశ్‌ను పుట్టించాను. గ్రూపు ఎక్కడుందో సతీష్ ఎప్పుడో తనే చూపించాడు. నేను కూడా మీలాంటివాడినే, మాది తెలంగాణ, సచిన్‌లో పని చేస్తాను అని రాశాను. మనుషుల్లో ఎలా మసలాలో తెలియని ఒక మనిషిలా ఎలా మాట్లాడాలో నాకు బాగా వచ్చు. రోజూ చూస్తున్నదే కదా. వాళ్ళు నన్ను నమ్మారు. మంచిగా చేర్చుకున్నారు. నాకు చెవిలో కూత ఉందని రాస్తే, అది మహేశ్ రాసిన వాటిలో ఒక్క నిజం, బారిష్ ఎంత ఓపికగా జవాబు రాసిందో. పడుకునేటప్పుడు ఫ్యాను చప్పుడు మీద మనసు పెట్టు, తగ్గుతుంది అని. తగ్గింది కూడా. అయినా నేను ఆగలేదు.

సతీష్ పొంగిపోయాడు. తెలుగులో మాట్లాడుకోవడానికి ఒకడు దొరికాడు. మధ్యాహ్నం అన్నం వేళకు ఫోల్డింగ్ ఖాతాలోంచి రాసేవాడు, నేను ఇక్కడ వంటింట్లోంచి జవాబిచ్చేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చి, వదినా, నాకొక దోస్తు దొరికిండు అని నాకే చెప్పాడు. నాకు లోపల ఎంత తృప్తిగా ఉండేదో చెబితే మీరు అసహ్యించుకుంటారు. ఉండేది. పిల్లి కన్నంలో ఎలుకను చూస్తూ కూర్చున్నట్టు కూర్చునేదాన్ని. తనకు దేనికి భయమో, ఏ మాట తగిలితే తేరుకోలేడో అన్నీ మహేశ్‌కు చెప్పాడు. అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. వెనక నుంచి నవ్వితే నాకు తెలియదు, అన్నాడు.

అదే పట్టుకున్నాను.

గ్రూపులో వాళ్ళు పెట్టుకున్న పేర్లే, బొమ్మలే పెట్టి, రెండు ఫోన్ల నుంచి నేనే నాతో మాట్లాడుకున్నాను. బారిష్ పేరుతో రాశాను, భోపాల్ అతని పేరుతో రాశాను. అద్దం ముందు నిలబడి నమస్తే చెప్పడం నేర్చుకుంటాడట, చూడండి అని ఒకటి. గిన్నెలు తోముతుంటే చూడలేక ఫోను తిప్పేస్తాను అని ఇంకొకటి. అది బారిష్ నోట పెట్టాను. రాస్తూ నేను నవ్వాను. ఆ తెరల ఫొటోలు తీసి, మహేశ్ పేరుతో సతీష్‌కు పంపాను. నీకు తెలియకుండా వేరే గ్రూపు పెట్టుకుని నిన్ను ఇలా అంటున్నారు, దోస్తువని చెబుతున్నాను, అని రాశాను.

ఆ రోజు అతను పనినుంచి మామూలు వేళకే వచ్చాడు. చెప్పులు విప్పి గోడవారగా పెట్టాడు. నేను చీరకు రాళ్ళు అతికిస్తున్నాను. మా బస్తీలో ఆడవాళ్ళం ఇంటి దగ్గర చేసే పని అది. వచ్చి కొంచెం దూరంగా కూర్చున్నాడు.

"వదినా, జర ఒకటి అడుగాలె."

"అడుగు."

"మనుషులు ఒకనితోని మంచిగ మాట్లాడుకుంటనే, ఎనుకకువొయ్యి వాని మీద నవ్వుతరా?"

"ఎవలు నవ్విన్రు?"

"అది కాదు. నువ్వు చెప్పు. నవ్వుతరా?"

ఇక్కడ ఆగి ఉండొచ్చు. ఏదో ఒకటి చెప్పి మాట మార్చి ఉండొచ్చు. అతను ఫొటోలను పూర్తిగా నమ్మలేదు. నమ్మి ఉంటే నన్ను అడగడు. మనుషుల సంగతి తెలిసిన వదిన కాదంటే, ఆ ఫొటోలను పక్కన పెట్టేసేవాడు. నాకది ఆ క్షణంలోనే అర్థమైంది. నా చెవిలో కూత మోగుతూనే ఉంది.

"నవ్వుతరు" అన్నాను.

"ఎప్పటికి మంచిగుండెటోళ్ళు గూడనా?"

"మంచిగుండెటోళ్ళే ఎక్కువ నవ్వుతరు."

"గిది నాకెవ్వలు చెప్పలే" అని లేచి వెళ్ళాడు. గ్రూపులోంచి బయటికొచ్చేశాడు. అందరి నంబర్లూ బ్లాక్ చేశాడు. మహేశ్‌ది కూడా. చెడ్డవార్త మోసుకొచ్చినవాడు కూడా నవ్వే ఉంటాడని అనుకున్నాడేమో.

తర్వాత జరిగింది త్వరగా చెబుతాను. ఎక్కువసేపు చెప్పడం నావల్ల కాదు. కొద్దిరోజులకే ఫోల్డింగ్ ఖాతాలో సూపర్‌వైజరు మారాడు. కొత్తవాడు సతీష్ చోటు మార్చి లూమ్‌ల గది తలుపు పక్కన కూర్చోబెట్టాడు. ఇంతకుముందైతే ఏమని అడగాలో రాసిచ్చేవాళ్ళు ఉండేవాళ్ళు. ఇప్పుడు ఎవరున్నారు? రెండురోజులు ఓర్చుకున్నాడు. మూడోరోజు బల్లకిందికి దూరి, చెవులు మూసుకుని, అరుస్తూ ఊగిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లు తీసి వీడియో పట్టారు. సాయంత్రానికి అది ఉన్‌లో అందరి ఫోన్లలోకి వచ్చింది. కింద నవ్వు బొమ్మలే. మా ఆయన తన తమ్ముడి వీడియో తన ఫోనులోనే చూశాడు.

నేను అబద్ధంగా పుట్టించిన నవ్వు అలా నిజమైంది.

అప్పుడు నాకేమనిపించిందో రాస్తానని మాటిచ్చుకుని కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను. సంతోషమేసింది. ఆ రోజంతా ఉంది. నన్ను నలుగురిలో పెట్టావు, నిన్ను ఊరంతటిలో పెట్టారు. చెల్లుకు చెల్లు. అత్తమ్మ గోడకు తల ఆనించి ఏడుస్తుంటే కూడా నాకు జాలి కలగలేదు. ఏడువు, ఆ రోజు తలుపు తీసే ఉంది కదా, వచ్చావా, అనుకున్నాను.

సతీష్ మళ్ళీ పనికి వెళ్ళలేదు. బయటికే వెళ్ళలేదు. తినమంటేనే తింటాడు, లేకపోతే ఆకలి సంగతే మరిచిపోతాడు. ఆ రోజుల్లోనే మహేశ్‌కు బారిష్ రాసింది. అతను ఎందుకు వెళ్ళిపోయాడో మాకు తెలియడం లేదు, నువ్వు సూరత్‌లోనే ఉన్నావు కదా, ఒకసారి వెళ్ళి చూస్తావా, గుర్తుచెయ్యకపోతే నీళ్ళు కూడా తాగడు, మావల్ల ఏదైనా తప్పు జరిగి ఉంటే చెప్పమను, అని. ఆమె రాసింది చదువుతుంటే అతను నాకు నాలుగడుగుల దూరంలో, గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. బాగానే ఉన్నాడు, మీతో మాట్లాడడం ఇష్టం లేదట అని జవాబు పంపాను. ఆ ఫోను ఆపేసి బియ్యం సంచి వెనక పడేశాను.

మొదటిది కోపంతో చేశాను. ఈ రెండోది ఎందుకు చేశాను? కోపం అప్పటికే సగం చల్లారింది. దొరికిపోతానన్న భయమా? ఒకసారి మొదలుపెట్టిన చెయ్యి దానంతటదే నడుస్తుందా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా నాకు జవాబు దొరకలేదు. పగ తీరితే మనసు చల్లబడుతుందంటారు. నాది తీరింది. నా భర్త అలాగే ఉన్నాడు, నా చెవి అలాగే ఉంది. తేడా ఒక్కటే, ఆ ఇంట్లో నాకు నచ్చిన మనిషి ఇప్పుడు లేడు. ఉన్నాడు కానీ లేడు.

మెల్లగా నా పక్కన కూర్చుని చీరలకు రాళ్ళు అతికించడం నేర్చుకున్నాడు. గీత గీసినట్టు అతికిస్తాడు. ఏళ్ళు అలా గడిచాయి. మొన్నొక మధ్యాహ్నం నేను మార్కెట్ నుంచి వచ్చేసరికి వంటింట్లో అంట్లు తోముతున్నాడు. డ్రమ్ముకు ఫోను ఆనించి ఉంది. దగ్గరికెళ్ళి చూశాను. తెర నల్లగా ఉంది. ఎవరూ లేరు. ఫోను ఆన్‌లో కూడా లేదు. అతను మధ్యమధ్య దానివైపు చూస్తూ తోముతున్నాడు.

కూరగాయల సంచి కింద పెట్టి అక్కడే చెప్పేశాను. నిలబడే చెప్పాను. మహేశ్ లేడని, ఆ రాతలన్నీ నావేనని, వాళ్ళెవరూ అతని మీద నవ్వలేదని, బారిష్ అతని కోసం అడిగిందని. గోలీల రోజు గురించి కూడా చెప్పాను. అతను నల్లా కట్టేసి విన్నాడు. ఒక్కసారి కూడా నా ముఖంలోకి చూడలేదు. ఎన్నడూ చూడడనుకోండి, కానీ ఆ రోజు చూస్తే బాగుండుననిపించింది.

చేతిలోని గిన్నె కింద పెట్టాడు. "గప్పుడు నవ్వుతరని నువ్వే చెప్పినవ్. నిజమే అనుకున్న. ఇప్పుడు నవ్వలే అంటున్నవ్. గిదన్న నిజమని నాకెట్ల ఎరుక?"

బియ్యం సంచి వెనక నుంచి పాత ఫోను తెచ్చి చార్జింగు పెట్టి, ఇదిగో చూడు, అన్నీ ఇందులోనే ఉన్నాయి అన్నాను.

"ఫొటోలు గూడ చూసిన గద గప్పుడు" అన్నాడు.

నా దగ్గర ఇక చూపడానికి ఏమీ లేదు. ఎవరేం చెప్పినా నమ్మే మనిషిని, నిజం చెప్పినా నమ్మలేని మనిషిగా చేశాను. అతన్ని బల్లకింద పట్టిన వీడియో కంటే, పోయిన పని కంటే, నేను చేసిన అసలు చెడు ఇదేనని నాకప్పుడు తెలిసింది.

చేతులు తుడుచుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఎన్నాళ్ళకో బయటికి వెళ్ళడం. వెనక వెళ్ళాలా వద్దా అని గుమ్మంలో నిలబడిపోయాను. పొద్దుగూకుతుండగా తిరిగొచ్చాడు. ఎక్కడికి వెళ్ళాడో చెప్పలేదు. ఆ రోజు నుంచి నా చేతి వంట ముట్టడు. తనే బియ్యం కడిగి తనకు మాత్రమే వండుకుంటాడు, ఒక్కోసారి మాడ్చుకుని తింటాడు. నాతో మాట్లాడడు. ఫోనులో ఎవరితోనైనా మాట్లాడుతున్నాడేమో తెలియదు. అడిగే హక్కు నాకు లేదు. ఇంట్లోవాళ్ళు ఏమైందని నన్ను అడుగుతున్నారు. వాళ్ళకు ఇంకా చెప్పలేదు. మా ఆయన మీద నాకున్న పగ ఎక్కడికీ పోలేదు, అది అతనిదే, అతని పేరు మీదే ఉంది. దాన్ని ఇంకెవరి మీదికీ మళ్ళించను. ఆ మాత్రం నేర్చుకున్నాను.

సతీష్‌ను క్షమించమని అడగలేదు. అడిగితే దానికేం జవాబు చెప్పాలో అతను మళ్ళీ వెతుక్కోవాలి. ఆ బరువు కూడా అతని మీదే ఎందుకు వెయ్యాలి? మిమ్మల్ని కూడా అడగడం లేదు. ఇన్నాళ్ళూ మహేశ్ చేశాడు, మహేశ్ రాశాడు అని నాలో నేను కూడా అనుకుంటూ వచ్చాను. చేసింది నేను. రాసింది నేను. నవ్వుతారని చెప్పింది నేను. ఈ మూడు మాటలు నా సొంత చేతితో రాయడానికి ఇంతకాలం పట్టింది. రాసి, కలం పక్కన పెట్టి, గోడకు ఆనుకున్నాను. చాలాకాలం తర్వాత ఊపిరి అడుగుదాకా అందింది.